వెచ్చని చొక్కా

హాస్టల్ ఆఫీసు గది,
సోమవారం ఉదయం

పిచ్చుకా,

ఫోన్ చేసినప్పుడల్లా మరిది గారే ఎత్తుతున్నారు. "షెడ్డులో ఉంది వదినా, చేతుల నిండా రంగు" అంటారు. ఎప్పుడు చేసినా రంగేనా? అందుకని కాగితం తీశాను.

ఇక్కడ అందరం క్షేమం. తొమ్మిదో తరగతి పిల్లలకు మొటిమల కాలం వచ్చింది. ఎవరు చెప్పారో గానీ, గదిలో ఉన్నవాళ్లంతా మొహాలకు టూత్‌పేస్ట్ పూసుకుని పడుకున్నారు. పొద్దున ప్రార్థనకు తెల్ల చుక్కలతోనే వచ్చి వరసగా నిలబడ్డారు. నవ్వు ఆపుకోలేక కళ్లు మూసుకున్నాను. వాళ్లు భక్తి అనుకున్నారు.

హాస్టల్ వార్షికోత్సవం చలికాలం చివర్లో. ఎప్పటిలాగే ప్రార్థన పాట నువ్వే పాడాలి. గేటు మీద బోర్డు కూడా వెలిసిపోయింది. పాటకూ బోర్డుకూ కలిపి ఒకేసారి రా.

మరిది గారి తలలో గడ్డ తీసి ఏడాది దాటింది కదా. చెకప్‌కు వెళ్తున్నారా? మందులు వేళకు వాడుతున్నారా? ఇద్దరి కోసం రోజూ ప్రార్థిస్తున్నాను.

అక్క

*

ఇంటి వెనక షెడ్డు,
చెప్పుల దుకాణం బోర్డు ఆరేలోపు

అక్కా,

నీ ఉత్తరం చూసి ఎవరో పోయారేమో అనుకున్నాను. ఈ రోజుల్లో ఉత్తరం రాసేది నువ్వూ, కరెంటు ఆఫీసు వాళ్లూ. నీ చేతిరాత అలాగే ఉంది, స్కేలు పెట్టి కొట్టినట్టు. బోర్డులు రాసి బతికేది నేను, అక్షరం కుదిరింది నీకు.

నా ఫోన్ పాడైంది. అవతలివాళ్లకు నా మాట వినపడదు. బాగుచేయించాలి. తీరిక లేదు.

ఈసారి పాటకు రాలేను. కోప్పడకు. చెప్పుల దుకాణం వాడు గోడ పొడవు బోర్డు ఒప్పుకున్నాడు. ఒక్కో అక్షరం నా అంత ఎత్తు. నిచ్చెన ఎక్కి దిగి మోకాళ్లు అరిగిపోయాయి. పాటకు వేరే ఎవరినైనా చూసుకో. మీ దగ్గర ఇంతమంది పిల్లలున్నారు, ఒక్కరికీ గొంతు లేదా?

మీ మరిది బాగున్నారు. పొద్దున్నే స్నానం, ఆ భుజం నొప్పి జెల్ రాసుకోవడం, కాసేపు కాఫీతో కూర్చోవడం, డ్రైవరు యూనిఫాం తొడుక్కుని బడి బస్సు ఎక్కడం. గడియారానికి ఆయన్ని చూపించి టైము సరిచేసుకోవచ్చు. ఇంట్లో వేసుకున్న చొక్కా విప్పి కుర్చీ మీద పడేసి పోతారు. అదే నా పని బట్ట. రంగు పడ్డా దిగులు లేదు, చేతులు మడిచి తొడుక్కుంటే ఏప్రన్ కన్నా నయం. పొడవు, వెడల్పు, జేబు కూడా.

నేనిప్పుడు ముందు గదిలో పడుకుంటున్నాను. ఆయన గురకకు కిటికీ అద్దాలు అదురుతున్నాయి.

టూత్‌పేస్ట్ పనిచేస్తుందా అక్కా? నాకూ మొటిమలు వచ్చాయిలే. ఈ వయసులో! మీ తొమ్మిదో తరగతిలో సీటు ఉంటే చెప్పు.

పిచ్చుక

*

హాస్టల్, భోజనాల గది,
పిల్లలు బడికి వెళ్లాక

పిచ్చుకా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. జోకులు ఎక్కువున్నాయి. నువ్వు భయపడినప్పుడే అలా రాస్తావు.

నువ్వు పాట వద్దనడం ఇదే మొదలు. నిచ్చెన నీకు కొత్త కాదు. ఆయన గురకా కొత్తది కాదు, మీ పెళ్లైన మర్నాడే నాకు చెప్పావు.

నువ్వు అడగలేదు గానీ నా సంగతి చెప్తాను. ముట్లు ఆగినప్పటి నుంచి నా గడ్డం కింద ముళ్లలాంటి వెంట్రుకలు మొలుస్తున్నాయి. ప్రార్థనకు ముందు, కిటికీ వెలుతురులో, పట్టకారుతో పీకేస్తాను. ఇది దేవుడికీ నాకూ మధ్య ఉన్న సంగతి. ఇప్పుడు నీకూ తెలిసింది.

వారం వారం వచ్చే డాక్టరమ్మ పోయిన శుక్రవారం పిల్లలను కూర్చోబెట్టి మొటిమల గురించి చెప్పింది. ఆడవాళ్ల ఒంట్లోనూ మగ హార్మోను కొద్దిగా ఉంటుందట. ఎదిగే వయసులో అది పెరిగితే చర్మం కింద గ్రంథులు నూనె ఎక్కువగా వదులుతాయి. నూనె, చచ్చిన చర్మం కలిసి రంధ్రాలు మూసుకుంటే అవే మొటిమలు. మురికి వల్ల కాదు, చెడు తలపుల వల్ల అసలే కాదు అంది. ఆ మాటకు వెనక వరసలో ఒక పిల్ల ఊపిరి పీల్చుకోవడం నాకు వినిపించింది.

ఆ హార్మోను ఇంకా ఎక్కువైతే మొహం మీది నూగు ముతకబారి గడ్డంలా వస్తుందట. అదే హార్మోను నడినెత్తిన జుట్టును పలచన చేస్తుందట. "ఒకచోట ఎరువూ, ఇంకోచోట కలుపు మందూనా డాక్టర్?" అని ఒక పిల్ల అడిగింది. "అంతే, ఏ వెంట్రుక వేరు దాన్ని ఎలా అందుకుంటుందో దాన్ని బట్టి" అంది ఆవిడ.

నా వయసులో రెండు వెంట్రుకలు మామూలే. నలభై దాటాక ఉన్నట్టుండి మొటిమలు రావడం మాత్రం చూపించుకోవాల్సిన సంగతి అని కూడా అంది. నేను నీ పేరు ఎత్తలేదు.

మొటిమలేనా, ఇంకేమైనా ఉందా? నా దగ్గర దాచకు.

అక్క

*

షెడ్డు, తలుపు గడియ వేసుకుని

అక్కా,

ఉంది.

నీ పట్టకారు సంగతి చదివి ముందు నవ్వాను, తర్వాత రంగు డబ్బా మీద కూర్చుని ఏడ్చాను. నీకు రెండేనా? నాకు గడ్డం కింద వరసే ఉంది. ఆయన బస్సు ఎక్కగానే ఆయన రేజరు తీస్తాను. మూడో రోజుకల్లా మళ్లీ గరుకు. దవడ పొడుగునా మొటిమలు, నొక్కితే ప్రాణం పోతుంది. నడినెత్తిన పాపిడి వెడల్పు అవుతోంది. దువ్వెనలో వచ్చే జుట్టుతో నెలకో బ్రష్షు కట్టుకోవచ్చు. తల మీద ఇల్లు ఖాళీ చేసి గడ్డం మీదకు కాపురం మార్చినట్టుంది.

ముట్లు ఆగాయి. వయసేలే అనుకున్నాను.

నా ఫోన్ బాగానే ఉంది అక్కా. పాడైంది నా గొంతు. ముందు జలుబు అనుకున్నాను. బొంగురు పోయి అలాగే ఉండిపోయింది. ఒక దుకాణం వాడికి ఫోన్ చేస్తే "చెప్పండి సార్" అన్నాడు. ఆ రోజు నుంచి ఫోన్ ఎత్తడం మానేశాను. పిచ్చుక అని పేరు పెట్టింది నువ్వే కదా. ఈ గొంతు విని ఏమని పిలుస్తావు? పాట ఎలా పాడతాను?

పెద్దాసుపత్రికి ఒక్కదాన్నే వెళ్లాను. రక్తం చూశారు. ఆడదానికి ఉండాల్సిన దానికన్నా మగ హార్మోను చాలా ఎక్కువ ఉందట. ఒంట్లో ఎక్కడో గడ్డ ఉండి అది తయారు చేస్తుండొచ్చు అన్నారు. స్కానింగులో అండాశయం పక్కన చిన్న నీడ కనిపించింది. అదేనని గట్టిగా చెప్పలేరట, కాదనీ చెప్పలేరట. ఈ నెలాఖరుకు ఆపరేషన్. తెరిచి చూసి, అవసరమైతే అండాశయాలు తీసేస్తారు.

డాక్టరు మంచాయనే. అన్నీ అడిగాడు. "ఏమైనా హార్మోను మందులు వాడుతున్నారా? ఇంట్లో ఇంకెవరైనా వాడుతున్నారా?" అని రెండుసార్లు అడిగాడు. "మా ఇంట్లో ఉన్న మందు ఒకటే, మా ఆయన భుజం నొప్పి జెల్" అన్నాను. ఆయన నవ్వి రాసుకున్నాడు.

మీ మరిదికి ఇవేవీ తెలియవు, గొంతు రంగు వాసనకు పట్టేసిందని చెప్పాను. ఆపరేషన్ రోజున నీ దగ్గరకు వెళ్తున్నానని చెప్పాలనుకుంటున్నాను. ముందు గదిలోకి మారింది గురకకు కాదు. చీకట్లో చెయ్యి నా గడ్డానికి తగిలితే?

ఆయనకూ నా మీద మనసు తగ్గింది అక్కా. తన ఆపరేషన్‌కు ముందు, పొద్దున కాఫీ తాగుతూ నా భుజం మీద చెయ్యి వేసుకుని కూర్చునేవారు. ఇంటికొచ్చిన దగ్గర్నుంచి పొద్దున పూట నన్ను దగ్గరకు రానివ్వరు. నేను పక్కన కూర్చుంటే లేచి కిటికీ దగ్గరకు పోతారు. అందుకే ఆ చొక్కా. ఆయన విప్పి పోగానే, ఇంకా వెచ్చగా ఉండగానే తొడుక్కుంటాను. లోపల ఇంకేమీ లేకుండా, ఒంటికి తగిలేట్టు. భుజాల చుట్టూ ఆయన చెయ్యి ఉన్నట్టే ఉంటుంది. సిగ్గులేదు నాకు, నవ్వుకో.

ఇక గడ్డం మొలిచిన పెళ్లాన్ని ఎవరు దగ్గరకు తీస్తారులే.

నా కోసం ప్రార్థించు. ఆయనకు చెప్పకు.

పిచ్చుక

*

హాస్టల్ ఆఫీసు గది,
ఉత్తరం అందిన గంటలోపే

పిచ్చుకా,

ప్రార్థించాను. తర్వాత ఇది రాస్తున్నాను. కొరియర్‌లో పంపుతున్నాను.

ఆ చొక్కా తొడుక్కోకు. ఈ క్షణం ఒంటి మీద ఉంటే విప్పు. సబ్బుతో స్నానం చెయ్యి. ఆయన విప్పిన బట్టలు చేత్తో ముట్టుకోకు, ఆయన తువ్వాలు వాడకు. ఆయన బట్టలు ఆయన్నే ఉతుక్కోమను.

ఆపరేషన్‌కు ఒప్పుకోకు. వద్దనడం లేదు, ఆగమంటున్నాను. ముందు డాక్టరుకు ఇంకో మాట తెలియాలి.

ఆ మాట నాకు తెలుసు. అది నాది కాదు కాబట్టి నీకు చెప్పలేదు. ఇది నీకు కష్టంగా ఉంటుందని తెలుసు.

ఇంకో కవరు మరిది గారికి. దాన్ని ఆయన చేతికి ఇచ్చి ఎదురుగా కూర్చో. ఆయన చెప్తారు. శుక్రవారంలోగా చెప్పకపోతే శనివారం మీ గుమ్మంలో ఉంటాను, నేనే చెప్తాను.

గొంతు ఎలా ఉన్నా నువ్వు నాకు పిచ్చుకవే.

అక్క

*

హాస్టల్ ఆఫీసు గది,
అదే పూట

మరిది గారికి,

ఫోన్ చేస్తే "సరే వదినా" అని పెట్టేస్తారు. అందుకే కాగితం.

మీ ఆపరేషన్ తర్వాత డాక్టరు మాట్లాడినప్పుడు మీ పక్కన నేనే ఉన్నాను. మా చెల్లి మీకు బట్టలు తేవడానికి ఇంటికి వెళ్లింది. గడ్డతో పాటు తలలో హార్మోన్లను నడిపే గ్రంథి దెబ్బతింది, ఇక మీ ఒంట్లో మగ హార్మోను తయారు కాదు, రోజూ భుజాలకు ఆ హార్మోను జెల్ రాసుకోవాలి అన్నారాయన. మా చెల్లికి చెప్పొద్దని మీరు నా చేతులు పట్టుకున్నారు. మాటిచ్చాను. ఇంతకాలం నిలబెట్టుకున్నాను.

రాసుకున్నాక చేతులు కడుక్కోవాలనీ, ఆ చోట ఎవరికీ తగలకూడదనీ, బట్టలు ఉతికాకే ఇంకొకరు తాకాలనీ కూడా ఆయన చెప్పారు. మీరు పొద్దున్నే విప్పిన చొక్కాను మా చెల్లి వెచ్చగా ఉండగానే ఒంటికి తొడుక్కుని సాయంత్రం దాకా పని చేస్తోంది. నెలలుగా. మీ మందు దాని ఒంట్లోకి వెళ్తోంది. దానికి మొటిమలు, గడ్డం, జుట్టు రాలడం, గొంతు మారడం అన్నీ వచ్చాయి. లోపల గడ్డ ఉందనుకుని నెలాఖరుకు కోత పెట్టబోతున్నారు. మీకు చెప్పకుండా ఒక్కతే వెళ్లాలనుకుంటోంది.

మీలో తక్కువ ఏదీ లేదు. బస్సుకు డీజిల్ పోసుకుంటే బస్సుకు సిగ్గా?

దాని ఎదురుగా కూర్చుని చెప్పండి. తర్వాత ఆ జెల్ పెట్టెతో సహా ఇద్దరూ కలిసి డాక్టరు దగ్గరకు వెళ్లండి.

మీ వదిన

*

వంటింటి బల్ల దగ్గర,
ఇద్దరికీ కాఫీ చల్లారిపోయాక

అక్కా,

కవరు ఇచ్చాను. ఇచ్చే ముందు వెలుతురుకు ఎత్తి చూశాననుకో. నువ్వు మూడు తెల్ల కాగితాలు చుట్టి పెట్టావు. నీకు హాస్టల్లో కాదు, జైల్లో ఇవ్వాల్సింది ఉద్యోగం.

ఆయన చదివారు. మడిచారు. మళ్లీ విప్పి చదివారు.

"ఏం రాసింది మా అక్క?"

"నువ్వు నా చొక్కా వేసుకోకూడదంట."

"నాకూ అదే రాసింది. ఎందుకంట?"

కాఫీ గ్లాసు పక్కకు జరిపి, "అది భుజం నొప్పి జెల్ కాదు" అన్నారు.

అంతా చెప్పారు. తల ఎత్తకుండా, బస్సు రూటు చెప్పినట్టు ఒక్కో స్టాపూ చెప్పారు. "మరి నేను తొడుక్కుంటానని తెలీదా?" అని అరిచాను. ఈ గొంతుతో అరిస్తే పక్కింటి తలుపు తెరుచుకుంది.

"నువ్వు షెడ్డులోకి వెళ్లేసరికి నేను బస్సులో ఉంటాను కదే. సాయంత్రం వచ్చేసరికి రంగు చొక్కా తీగ మీద ఆరుతుంటుంది. పాతవేవో వాడుతున్నావనుకున్నాను. నేను చేతులు కడుక్కునేవాణ్ని. నీకు తగలకూడదని పొద్దున నీ పక్కన కూర్చోవడమే మానేశాను."

అక్కా, నాకు తగలకూడదని ఆయన లేచి పోయేవారు. లేచి పోయారని నేను ఆ చొక్కా వేసుకున్నాను.

"నువ్వు ముందు గదిలోకి మారినప్పుడు నీకు తెలిసిపోయిందనుకున్నాను" అన్నారు. "మందు రాసుకుంటే గానీ మగాడు కాలేనివాడి పక్కన ఎందుకులే అని వెళ్లావనుకున్నాను."

"నేనేమో గడ్డం ఉన్న పెళ్లాం మీకెందుకులే అని వెళ్లాను."

"ఏదీ, చూడనీ."

చూపించాను. వెలుతురు వైపు తిప్పి, బోర్డు మీద అచ్చుతప్పు వెతికినట్టు చూసి, "నాకన్నా ఒత్తుగా వస్తోంది" అన్నారు. కొట్టాను. ఇద్దరం నవ్వాం. తర్వాత ఆయన ఏడ్చారు. అది రాయను.

మర్నాడు సెలవు పెట్టి జెల్ పెట్టెతో సహా డాక్టరు దగ్గరకు వెళ్లాం. ఆయన పెట్టె చూసి కళ్లద్దాలు తీసేశాడు. "రెండుసార్లు అడిగానమ్మా" అన్నాడు. ఆపరేషన్ ఆపేశాడు. తగలకుండా ఉండి కొన్ని వారాలకు మళ్లీ రక్తం చూద్దామన్నాడు.

ఇక నీ సంగతి. నీ మీద చాలా కోపంగా ఉంది. ఏడాది పైగా నాకు తెలియనిది నీకు తెలుసు. రోజూ నా కోసం ప్రార్థించావు, ఒక్క ముక్క చెప్పలేదు. ఇప్పుడే క్షమించను. రాయడం మాత్రం మానను.

పిచ్చుక

*

హాస్టల్ ఆఫీసు గది

పిచ్చుకా,

కోపం న్యాయమే. ఉండనీ. నీకు వీలైనప్పుడు తీసెయ్యి.

ఆయన మాట కాపాడుతున్నాననుకున్నాను. మాట నిలబెట్టుకోవడానికి నాకు తీరిక దొరికింది, నీ ఇంట్లో ఏం జరుగుతోందో అడగడానికి దొరకలేదు. ఆ సంగతి రోజూ దేవుడికి చెప్తున్నాను.

రక్తం ఫలితం రాగానే రాయి. నేను ఆకలి వేస్తేనే తింటున్నాను, వేయడం లేదు.

అక్క

*

షెడ్డు, తలుపు తెరిచి

అక్కా,

తిను ముందు.

ఫలితం వచ్చింది. మగ హార్మోను నాకు ఉండాల్సినంతకు దిగింది. స్కానింగులో ఆ నీడ కూడా లేదు. నీటి తిత్తి అట, వచ్చి తనంతట తానే పోయింది. గడ్డ లేదు, కోత లేదు. డాక్టరు చెప్తుంటే మీ మరిది ఆయన చెయ్యి పట్టుకుని ఊపడం ఆపరు. ఆయన రాసుకునే కలం ఎగిరి పడింది.

మొటిమలు తగ్గుతున్నాయి, మచ్చలున్నాయి. ముట్టు వచ్చింది, ఇంత సంతోషంగా ఎప్పుడూ రాలేదు. జుట్టుకు నెలలు పడుతుందట. గడ్డం మీద ఒకసారి ముతకబారిన వెంట్రుక వెంటనే నూగు అయిపోదట, ఓపిక పట్టమన్నాడు. నాకూ ఒక పట్టకారు కొని పంపు, నీలాంటిదే. ఆయన రేజరు ఆయనకు తిరిగి ఇచ్చేశాను.

ఇప్పుడు ఆయన పొద్దున జెల్ రాసుకుని, ఆరనిచ్చి, చేతులు కడిగి, పైన నిండు చేతుల చొక్కా వేసుకుని నా పక్కనే కూర్చుంటున్నారు. చొక్కా పైనుంచి తగిలితే పరవాలేదని, విప్పిన చొక్కా మాత్రం తిన్నగా నీళ్ల బక్కెట్లోకి పోవాలని డాక్టరు చెప్పాడు. ఆయనే ఉతుకుతున్నారు. కాలరు ఉతకడం రాదు.

గొంతు సంగతి. డాక్టరు దాచలేదు. గొంతు తీగలు ఒకసారి మందమైతే పూర్తిగా వెనక్కి రాకపోవచ్చు అన్నాడు. నేను ఇలాగే ఉండిపోవచ్చు అక్కా. మిగతావన్నీ ఓర్చుకున్నాను గానీ దీనికి మాత్రం ఇంకా ఏడుపు వస్తోంది. పైస్థాయి అసలు అందదు. బోర్డు రాసి పంపుతాను. పాట వద్దు.

కోపం సగం తీసేశాను.

పిచ్చుక

*

హాస్టల్ ఆఫీసు గది,
ప్రార్థన గంట కొట్టాక

పిచ్చుకా,

తిన్నాను.

పైస్థాయి ఎవరు అడిగారు? అందినంతలో పాడు. వేరే ఎవరికీ చెప్పలేదు. పాట లేకుండా మొదలుపెట్టను. హాలు నిండా జనం ఎదురు చూస్తారు, నీ ఇష్టం.

పట్టకారు పంపుతున్నాను.

అక్క

*

హాస్టల్ ఆఫీసు గది,
వార్షికోత్సవం అయిన మరుసటి వారం

పిచ్చుకా,

మీరు క్షేమంగా చేరారని మరిది గారు ఫోన్ చేశారు. నీకు ఇవ్వమంటే నువ్వే లాక్కున్నావు. సంతోషం.

గేటు మీద బోర్డు చూసి డాక్టరమ్మ కారు ఆపి దిగింది. అక్షరం నీకే కుదిరింది. నాది స్కేలు మాత్రమే.

ఆ రోజు నీకు చెప్పలేకపోయింది ఇప్పుడు రాస్తున్నాను. నువ్వు మైకు ముందు నిలబడి మొదటి మాట పాడగానే పిల్లలు తలలెత్తి చూశారు. రెండో చరణానికి నీ గొంతు ఒకచోట విరిగింది. నువ్వు ఆగి, కింది స్థాయి అందుకుని మళ్లీ మొదలుపెట్టావు. నేను కళ్లు మూసుకున్నాను. ఈసారి నవ్వు ఆపుకోవడానికి కాదు.

నువ్వు వెళ్లాక ఒక విషయం జరిగింది. మన పిల్లలు ఉదయం ప్రార్థన పాటను నీ స్థాయిలోనే పాడుతున్నారు. కీచుగొంతు పిల్లలు కూడా గడ్డం కిందకు దించి, లావుగా, నీలాగే. రెండో చరణంలో నువ్వు ఆగిన చోట అందరూ ఒకేసారి ఆగుతున్నారు. పాటలో ఉన్నదే అనుకున్నారు. నేను సరిచేయలేదు. సరిచేయను.

నువ్వు గదిలో మర్చిపోయిన ఆయన చొక్కాను నేను ముట్టుకోక ముందే మరిది గారు ఫోన్‌లో రెండుసార్లు చెప్పారు, "ఉతికిందే వదినా" అని. అయినా మళ్లీ ఉతికాను. దాన్ని కోసి నీకు ఏప్రన్ కుట్టాను. జేబు అలాగే ఉంచాను. ఇక వెచ్చదనం కావాలంటే చొక్కా విప్పేదాకా ఆగకు, మనిషి అందులో ఉండగానే పట్టుకో.

ఇది పెద్దక్క రాయాల్సిన మాట కాదు. చదివి చించెయ్యి.

మిగిలిన సగం కోపం ఏమైందో రాయలేదు నువ్వు.

అక్క

*

షెడ్డు,
ఏప్రన్ తొడుక్కుని

అక్కా,

చించలేదు. ఆయనకు చదివి వినిపించాను. మా పెద్దక్క, ప్రార్థన అక్క, ఇలా రాసిందని ఈ గొంతుతో గట్టిగా చదివాను. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. కాఫీ ఒంటి మీద పోసుకున్నారు.

మిగిలిన సగం కోపం జేబులో వెతికాను. పట్టకారు ఒకటే ఉంది.

పిచ్చుక